పావుమైలు రాజ్యాంగం

"ఈ జిల్లాలో రోడ్లున్నాయి, బళ్ళున్నాయి, తోలేవాళ్ళున్నారు. లేనిది ఒక్కటే, రూలు. అది నేను తెస్తున్నాను."

రెండు వేల మూడు జనవరిలో మా గుడిమెళ్ళపాడు మాజీ మండలాధ్యక్షులు, కోల్డ్ స్టోరేజీ యజమాని శ్రీ పేరయ్యగారు ప్రెస్ మీట్ పెట్టి చేసిన చారిత్రక ప్రకటన ఇది. అమెచ్యూర్ డ్రాగ్ రేసింగ్ అసోసియేషన్ అలా పుట్టింది.

ప్రెస్ అంటే ఆ రోజు నేనొక్కడినే. నా పేరు సాదిక్. బస్టాండు ఎదురుగా జిరాక్సు, డీటీపీ సెంటరు నాదే. తీరిక ఉన్నప్పుడు ఒక దినపత్రికకి వార్తలు పంపుతుంటాను. మీట్ మొదలు కాకముందే పేరయ్యగారు నన్ను అసోసియేషన్‌కి జాయింట్ సెక్రటరీని చేసేశారు. ఊళ్ళో తెలుగు అక్షరాలు పడే కంప్యూటరు నా దగ్గరే ఉండేది మరి. నేను అడగాల్సిన ప్రశ్నలు కూడా ఆయనే రాసిచ్చారు. నిజం చెప్పాలంటే నాకు తోచేవాటికంటే మంచి ప్రశ్నలు.

"ఈ రూల్స్ మీకు కూడా వర్తిస్తాయా సార్?" అని కాగితం చూసి అడిగాను.

"రూలు ముందు నేనూ ఒకటే, మా బావమరిదీ ఒకటే" అన్నారాయన. ఇది పేపర్లో రెండు కాలమ్‌ల వార్త అయింది.

డ్రాగ్ రేసు గురించి తెలియని పాఠకుల కోసం ఒక మాట. తిన్నని రోడ్డు మీద పావుమైలు దూరం. రెండు బళ్ళు పక్కపక్కన నిలబడతాయి. జెండా ఊపగానే బయల్దేరతాయి. మలుపుల్లేవు, మధ్యలో ఆగడం లేదు. ఇరవై సెకన్లలో అంతా అయిపోతుంది. ఎవరు ముందెళితే వాళ్ళు గెలిచినట్టు. ఇంత చిన్న ఆటలో రూల్స్‌కి చోటెక్కడుందని మేమంతా అమాయకంగా అనుకునేవాళ్ళం.

హైవేని నాలుగు లైన్లు చేస్తున్న రోజులవి. మా ఊరి బైపాస్‌కి ఒకపక్క తారు వేసేశారు గానీ ఇంకా బళ్ళు వదల్లేదు. నల్లగా, నున్నగా, ఒంగోలు వైపు చూస్తూ పడుంది రోడ్డు. అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. అక్కడే రేసులు.

అసలు ఈ ఆలోచన ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. పేరయ్యగారి బావమరిది త్రినాథ్ అప్పటికి రొయ్యల చెరువు, కేబుల్ టీవీ, బోర్‌వెల్ లారీ చూసి వదిలేశాడు. "మా తమ్ముణ్ణి ఒక దారిలో పెట్టండి" అని లక్ష్మీదుర్గమ్మగారు భర్తని రోజూ అడిగేవారు. దారి అంటే ఆయన రోడ్డు అనుకున్నారని కొందరంటారు. నేననను. ఈలోగా హోసూరు దగ్గర బైకుల కంపెనీ ఒకటి, మా వైపు ఎవరైనా రేసులు పెడితే ఏప్రిల్లో చూడటానికి ఆఫీసర్ని పంపుతుందనీ, ఒకర్ని టెస్ట్ రైడరుగా తీసుకుంటుందనీ కబురొచ్చింది. కంపెనీ ఉద్యోగం, క్వార్టర్సు, యూనిఫాం. రూలు అవసరం దేశానికి అప్పుడు పడింది.

మొదటి రూలు పుస్తకం ఒకే పేజీ. నాలుగు రూల్స్. హెల్మెట్ పెట్టుకోవాలి, తాగి రాకూడదు, జెండా కంటే ముందు కదలకూడదు, ముందొచ్చినవాడు గెలిచినట్టు.

ఫిబ్రవరి రేసుకి తొమ్మిది మంది వచ్చారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు త్రినాథ్, తొంభై ఆరు కేజీలు, షోరూం నుంచి అప్పుడే దిగిన నూట ఎనభై సీసీ బండి. రెండోవాడు మార్కు. పురుగుమందు స్ప్రేయర్లు బాగుచేసే షాపులో మెకానిక్. ఇరవై నాలుగేళ్ళు, నలభై ఎనిమిది కేజీలు. ఎవరో తుక్కు కింద అమ్మేసిన వంద సీసీ బండిని కొని రెండేళ్ళు దానితో మాట్లాడి బాగుచేసుకున్నాడు. తండ్రి లేడు. తల్లి కోటిరత్నం మిర్చి యార్డులో కాయల తొడిమలు తీస్తుంది.

జెండా పడింది. త్రినాథ్ రెండో గేరు వెతుక్కుంటూ ఉండగా మార్కు వెళ్ళిపోయాడు. టైము చూసే బుల్లయ్య మాస్టారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. స్టాప్ వాచీ చూసి "పదిహేడున్నర" అని నోటుబుక్కులో రాసుకుని, మళ్ళీ వాచీ చూసుకున్నారు.

పేరయ్యగారు స్వయంగా మార్కు మెడలో దండ వేసి, భుజం తట్టి, ఫోటో దిగారు. తర్వాత నన్ను పక్కకి పిలిచారు.

"రిజల్టు బాగుంది సాదిక్. రూలే బాగాలేదు."

"ఏ రూలు సార్?"

"అదే కనిపెట్టాలి."

పెద్దవాళ్ళకీ మనకీ తేడా ఇక్కడే. మనం ఓడిపోతే ఎందుకు ఓడామా అని చూసుకుంటాం. ఆయన ఆట వైపు నుంచి ఆలోచిస్తారు.

రూలు మార్చడానికి ఒక పద్ధతి ఉండాలన్నారు పేరయ్యగారు. మూడు దశలు. ముందు ప్రతిపాదన, తర్వాత అభ్యంతరాలు, ఆ తర్వాత ఆమోదం. అభ్యంతరాల కోసం ఒక పెట్టె పెట్టించారు. ప్రజాస్వామ్యం మీద ఆయనకున్న గౌరవం అలాంటిది. పెట్టె ఆయన కోల్డ్ స్టోరేజీలో మూడో ఛాంబర్లో గోడకి బిగించారు. తాళం త్రినాథ్ దగ్గర ఉంటుంది. పదిహేను రోజుల తర్వాత తెరిస్తే ఒక్క కాగితం ఉంది. "స్టాప్ వాచీకి బ్యాటరీ కావలెను, ఇట్లు బుల్లయ్య." సూత్రప్రాయంగా అభ్యంతరాలు లేవని మినిట్స్‌లో రాశాను.

కమిటీ సమావేశం కూడా ఆ ఛాంబర్లోనే జరిగింది. చుట్టూ మిర్చి టిక్కీలు, అంటే కాయలు కూరిన గోనె బస్తాలు, కప్పుదాకా పేర్చి ఉన్నాయి. చలి ఎముకల్లోకి దిగుతోంది. సభ్యులు ఏడుగురు, అందులో ఐదుగురు ఆ కోల్డ్ స్టోరేజీ ఉద్యోగులే. అందరూ చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు.

"రైడరు బరువు తొంభై ఐదు కేజీలకి తగ్గకూడదు. సన్నగా ఉన్నవాడికి గాలి సాయం చేస్తుంది. అది అన్యాయం" అన్నారు పేరయ్యగారు. "వ్యతిరేకించేవాళ్ళు చేతులెత్తండి."

చంకల్లోంచి చెయ్యి బయటికి తీసే మగాడు లేడు. ఏకగ్రీవం. రెండున్నర నిమిషాల్లో ముగిసిన సమావేశం మన జిల్లాలో ఇదొక్కటే అయి ఉంటుంది.

మర్నాడు మార్కు నా షాపుకొచ్చాడు.

"అన్నా, తొంభై ఐదంటే నేను ఇద్దర్ని కావాలి."

"రూలు మరి."

"మిగతా నలభై ఏడు కేజీలు ఎక్కడ పెట్టుకోవాలో రాశారా?"

చూశాను. రాయలేదు. "అది నీ ఇష్టం" అన్నాను.

మార్చి రేసుకి మార్కు వెనక సీటు మీద మిర్చి టిక్కీ కట్టుకుని వచ్చాడు. కాటా వేస్తే తొంభై ఐదు దాటింది. పేరయ్యగారు టిక్కీ చుట్టూ ఒకసారి తిరిగి, "రూల్లో రైడరు అని ఉంది. ఇది రైడరా?" అన్నారు. టిక్కీ దింపించారు.

అప్పుడు కోటిరత్నం ముందుకొచ్చింది. యార్డు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతులింకా ఎర్రగానే ఉన్నాయి, చంకలో టిఫిన్ డబ్బా ఉంది.

"నేను మనిషినేగా" అంది.

బుల్లయ్య మాస్టారు రూలు పుస్తకం తిరగేశారు. రైడరు ఒక్కడే ఉండాలని ఎక్కడా లేదు. తల్లీకొడుకుల్ని కలిపి కాటా వేస్తే తొంభై ఐదు దాటింది. కోటిరత్నానికి త్రినాథ్ తెచ్చుకున్న రెండో హెల్మెట్ పెట్టారు. ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, కొడుకు వెనక ఒకవైపుగా కూర్చుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

"మెల్లగా పోనియ్యి నాయనా" అంది.

"అట్టాగే అమ్మా" అన్నాడు మార్కు.

జెండా పడింది. వెనక చక్రం మీద బరువు పడేసరికి టైరు రోడ్డుని పట్టుకుంది, బండి ఫిబ్రవరిలో కంటే శుభ్రంగా లేచింది. త్రినాథ్ ఈసారి రెండో గేరు దొరికించుకున్నాడు గానీ మూడోది దొరకలేదు. గీత దాటాక కోటిరత్నం హెల్మెట్ తీసి వెనక్కి చూసింది.

"అయిపోయిందా? ఇంతేనా? దీనికేనా ఇంత గోల?"

ఒంగోలు నుంచి చూడ్డానికొచ్చిన జనం ఈలలు వేశారు. పేరయ్యగారు మళ్ళీ దండ వేశారు. ఈసారి రెండు దండలు. "మాతృమూర్తికి వందనం" అని మైకులో అన్నారు. కారెక్కేటప్పుడు మాత్రం నా చేతిలోంచి రూలు పుస్తకం తీసుకుని వెళ్ళారు. ఆలోచిస్తున్నారన్నమాట.

వారం తిరక్కుండా నన్ను గుంటూరు పంపారు, ఇంటర్నెట్‌లో చూసి రమ్మని. "అమెరికాలో ఈ ఆటకి ఏం రూల్స్ ఉన్నాయో అన్నీ తీసుకురా" అన్నారు. రోజంతా నెట్ సెంటర్లో కూర్చుని నూట పది పేజీలు ప్రింటు తెచ్చాను. ఆయన ఆఫీసు గదిలో తెలుగులో చదివి వినిపిస్తుంటే నలభై రెండో పేజీ దగ్గర ఆపమన్నారు.

"మళ్ళీ చదువు."

"రేసుకి ముందు ఎవరి టైము వాళ్ళే చెప్పుకోవాలి సార్. ఎక్కువ టైము చెప్పినవాడు, ఆ తేడా ఎన్ని సెకన్లుంటే అన్ని సెకన్లు ముందు బయల్దేరొచ్చు. ఎవరైనా తను చెప్పిన టైము కంటే తొందరగా వెళితే అవుట్."

"తొందరగా వెళితే?"

"అవుట్ సార్."

"రేసులో?"

"అవును సార్. చేతకాని బండికి కూడా అవకాశం ఉండాలని పెట్టారట."

పేరయ్యగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి అవి చెమర్చి ఉన్నాయి. "ఎంత గొప్ప దేశమయ్యా అది" అన్నారు.

ఆ నెలలో అభ్యంతరాల పెట్టె ఖాళీగా ఉంది. సమావేశం రెండు నిమిషాల్లో అయిపోయింది. బరువు కోసం తల్లిదండ్రుల్ని ఎక్కించుకోరాదనే రూలు, రైడరు ఒక్కడే ఉండవలెననే రూలు, యార్డు పక్కనున్న సాంబశివ కాటా తప్ప వేరే కాటా చెల్లదనే రూలు, ఇలా పుస్తకం పదహారు పేజీలైంది. బరువు తక్కువైనవాడు ఇసుక బస్తా కట్టుకోవచ్చని కూడా దయతో చేర్చారు.

పుస్తకం ప్రింటైన రోజు మార్కు వచ్చి బల్ల మీద కూర్చుని మొత్తం చదివాడు. గంట పట్టింది.

"అన్నా, ఒక సంగతి చెప్పు. నేనేం చేస్తే గెలుస్తాను?"

నేనూ మొదటినుంచి వెతికాను. నాకు దొరకలేదు. మంచి రూలు పుస్తకం లక్షణం అది, అంత తేలిగ్గా అంతు చిక్కదు. ఆ మాటే అతనితో అన్నాను.

మార్కు నవ్వలేదు. "మా అమ్మకి దగ్గు పట్టుకుందన్నా. పొద్దస్తమానం ఆ ఘాటులో కూర్చుంటే పట్టదా. కంపెనీ క్వార్టర్సు వస్తే యార్డు మానిపిద్దామనుకున్నా" అన్నాడు. పుస్తకం నా ముందుకి జరిపి, "ఆ టైము పేజీ మళ్ళీ చదువు" అన్నాడు.

చదివాను.

"చెప్పిన టైముకి వెళ్ళాలి. అంతేగా?"

"అంతే."

"సరే. చెప్పిన టైముకే వెళతా."

అప్పట్నుంచి రోజూ సాయంత్రం షాపు కట్టేశాక బుల్లయ్య మాస్టారిని బతిమాలి బైపాస్‌కి తీసుకెళ్ళేవాడు. ఇసుక బస్తా కట్టుకుని, పంతొమ్మిది సెకన్లు అనుకుని వెళ్ళడం, వచ్చి వాచీ చూడటం. మొదట పద్దెనిమిది పావు. చెయ్యి ఊరుకునేది కాదు. "బండి లాగుతుంటే ఎక్సలేటరు మూయాలంటే ఏడుపొస్తంది మాస్టారూ" అనేవాడట. మూడు వారాలకి పంతొమ్మిది అంటే పంతొమ్మిదే.

ఏప్రిల్ ఇరవై ఏడు, ఆదివారం. హోసూరు నుంచి ఆఫీసరు వచ్చాడు. సన్నగా, కళ్ళజోడుతో, తెలుగు ఆగి ఆగి మాట్లాడే మనిషి. ఆయన తన స్టాప్ వాచీ తనే తెచ్చుకున్నాడు. పేరయ్యగారు శాలువా కప్పి, పదహారు పేజీల పుస్తకం చేతిలో పెట్టి, షామియానాలో కూర్చోబెట్టారు.

త్రినాథ్ తన టైము ఇరవై ఐదు సెకన్లని చెప్పాడు. మార్కు పంతొమ్మిదన్నాడు. త్రినాథ్‌కి ఆరు సెకన్లు ముందు జెండా ఊపారు. అతను నిదానంగా వెళ్ళాల్సింది గానీ, అంతమంది చూస్తుంటే మనిషి ఆగుతాడా, ఇరవై ఒకటికే గీత దాటేశాడు. చెప్పిన దానికంటే తొందర. అవుట్. మార్కు పంతొమ్మిదికి వచ్చాడు.

బుల్లయ్య మాస్టారు విజేత పేరు చదవబోతుంటే పేరయ్యగారు చెయ్యెత్తారు. అత్యవసర సమావేశం. కోల్డ్ స్టోరేజీ దూరం కాబట్టి, పద్ధతి తప్పకూడదని సభ్యులందర్నీ టాటా సుమోలో ఎక్కించి ఏసీ ఫుల్లుగా పెట్టించారు. నేను డిక్కీలో కూర్చుని మినిట్స్ రాశాను. తొందరగా వెళ్ళడం అనే తప్పు, ఇంతకు ముందు గెలిచిన అనుభవం ఉన్నవారికే వర్తిస్తుందని ఏకగ్రీవంగా తీర్మానమైంది. తెలిసినవాడు తప్పు చేయడానికీ తెలియనివాడు చేయడానికీ తేడా ఉండాలిగా. త్రినాథ్‌కి గెలిచిన అనుభవం బొత్తిగా లేదు.

రేసు మళ్ళీ పెట్టారు. త్రినాథ్ ఆరు సెకన్లు ముందెళ్ళి ఇరవై ఒకటికి దాటాడు. నాలుగు సెకన్ల తర్వాత మార్కు దాటాడు. త్రినాథ్ గెలిచాడు. టపాకాయలు కాల్చారు.

అప్పుడు చూసుకుంటే నా కెమెరాలో రీలు తిరగలేదు, ఫోటో పడలేదు. ఫోటో కోసం ఇంకోసారి వెళ్ళమన్నారు. ఇద్దరూ వెళ్ళారు. ఆ ఫోటోలో త్రినాథ్ కళ్ళు మూసుకున్నానంటే మరోసారి వెళ్ళారు. ఎండ మాడుతోంది. మార్కు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ప్రతిసారీ బండి నెట్టుకుంటూ వచ్చి గీత మీద నిలబెట్టాడు.

పేరయ్యగారు త్రినాథ్‌ని షామియానాలోకి తీసుకొచ్చారు. "సార్, మా జిల్లా చాంపియన్."

ఆఫీసరు తన కాగితం చూసుకుంటున్నాడు. "రెండో లైన్లో అబ్బాయి ఎవరండి?"

"వాడా, ఓడిపోయినవాడు సార్."

"తెలుసు. పిలవండి."

మార్కు వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. ఆఫీసరు బుల్లయ్య మాస్టారి నోటుబుక్కు అడిగి తన కాగితం పక్కన పెట్టుకున్నాడు. నాలుగుసార్లు. పంతొమ్మిది. పంతొమ్మిది. పంతొమ్మిది, ఒక పదో వంతు. పంతొమ్మిది.

"మాకు స్పీడు వద్దండి. అది మెషిన్లో చూసుకుంటాం. మాది మైలేజీ టెస్టు. నలభై ఐదులో వెళ్ళమంటే పొద్దున నుంచి సాయంత్రం దాకా నలభై ఐదే ఉండాలి. అట్లాంటి చెయ్యి దొరకదు" అని, మార్కు వైపు తిరిగి, "జూన్ ఒకటికి రాగలవా?" అన్నాడు.

మార్కు పేరయ్యగారి వైపు చూశాడు, ఇందుకేమైనా రూలుందేమోనని.

పేరయ్యగారు ఎంత సేపు ఆలోచించారంటే, నేను లెక్కపెట్టాను, ఒక్క సెకను. "ఆ క్రమశిక్షణ మా రూల్స్ నేర్పిందే సార్" అన్నారు. మార్కు భుజం మీద చెయ్యేసి ఫోటోకి నిలబడ్డారు. అదృష్టవశాత్తూ రీల్లో ఒక్క ఫోటో మిగిలింది. "పేరయ్యగారి రూల్స్‌కి హోసూరులో గుర్తింపు" అని మర్నాడు పేపర్లో వచ్చింది.

బయల్దేరే ముందు మార్కు సర్టిఫికెట్లు జిరాక్స్ చేయించుకోవడానికి వచ్చాడు. కోటిరత్నం బయట రిక్షాలో సామానుతో కూర్చుంది. కొత్త చెప్పులు వేసుకుంది.

"సంతోషమేగా?" అన్నాను.

"అమ్మకి బాగుంటదన్నా." కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా బండి పదిహేడున్నరకి వస్తది. ఇంకొంచెం చూసుకుంటే పదిహేడుకీ వస్తది. ఇంక దాంతో పని లేదు. రోజూ నలభై ఐదే." బయట వాలుతున్న ఎండని చూస్తూ, "వెళ్ళేలోపు ఒక్కసారి బైపాస్ మీద పూర్తిగా లాగాలనుంది" అన్నాడు.

"బైపాస్ మొన్న బళ్ళకి వదిలేశారుగా. మన రేసులు సర్వీసు రోడ్డుకి మార్చారు" అన్నాను.

"అవునుగదా" అని వెళ్ళిపోయాడు.

మార్కు పోయాక త్రినాథ్‌కి ఎదురు లేకుండా పోయింది. జూన్లో గెలిచాడు, జూలైలో గెలిచాడు. పోటీకి వచ్చేవాళ్ళు తగ్గారు గానీ రూల్స్ తగ్గలేదు, ముప్పై ఏడు అయ్యాయి. మంచి రూలు వల్ల ఆటలో అనవసరమైన రద్దీ ఉండదని పేరయ్యగారు వివరించారు.

ఆగస్టులో ఒక ఆదివారం పేరయ్యగారి అబ్బాయి కోటేష్ సెలవులకొచ్చాడు. తాడేపల్లి అవతల ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఇరవై ఏళ్ళు, పుల్లలా ఉంటాడు. ఫ్రెండు బండి వేసుకుని తిన్నగా సర్వీసు రోడ్డుకే వచ్చి, "మావయ్యా, నాతో పోటీకి వస్తావా?" అన్నాడు. పేరయ్యగారు మురిసిపోయి సరేనన్నారు. కాటా వేయలేదు. టైము అడగలేదు. కన్నకొడుకుని ఏమని అడుగుతారు.

త్రినాథ్ కోసం మొదటి జెండా ఊపారు. కోటేష్‌కి రూల్స్ తెలియవు. జెండా ఊపితే వెళ్ళాలనుకున్నాడు, వెళ్ళాడు. త్రినాథ్ మూడో గేరు దగ్గర ఉండగానే గీత దాటి, చేతులు రెండూ పైకెత్తి, నాన్న వైపు చూశాడు. పేరయ్యగారు ఈల వేశారు. ఆయన ఈల వేయడం నేను అదే మొదటిసారి చూడటం.

బుల్లయ్య మాస్టారు నోటుబుక్కు తెరిచారు. "రెండు, ఐదు, తొమ్మిది, పదకొండు, పద్నాలుగు, ఇరవై రెండు, ముప్పై నంబరు రూల్స్ ప్రకారం కోటేష్ బాబు అవుట్. విజేత త్రినాథ్" అని మైకులో చదివారు. ఆయనకి మైకులో ఏది పడితే అది చదివే అలవాటు, నోటుబుక్కులో ఉంటే చాలు.

కోటేష్ హెల్మెట్ తీశాడు. "ఏంటి నాన్నా ఇది? ముందొచ్చింది నేనేగా. ఎవడు రాశాడు ఈ రూల్స్?"

జనం అందరూ ఉన్నారు. పేరయ్యగారు మెల్లగా నా వైపు తిరిగారు.

"ఎవరు రాశారయ్యా ఈ రూల్స్?"

"నేనే సార్" అన్నాను. టైపు చేసింది నేనేగా.

"ముప్పై ఏడా?"

"ముప్పై ఏడు సార్."

ఆయన తల ఊపారు, ఒక పెద్ద పొరపాటుని పెద్దమనసుతో క్షమిస్తున్నట్టు.

సోమవారం ఉదయం ఆయన ఇంటి వరండాలోనే సమావేశం. పెట్టె లేదు, చలి లేదు, కాఫీ ఇచ్చారు. "రేసంటే ఏంటి? ముందొచ్చినవాడు గెలవడం. చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆటని ఆటలా ఉండనివ్వాలి. అన్నీ తీసెయ్" అన్నారు పేరయ్యగారు.

"బావా, మరి నేను?" అన్నాడు త్రినాథ్.

"నువ్వు చాంపియన్‌గా రిటైరయ్యావ్. గౌరవంగా."

నేను అక్కడే వెనక్కి తిప్పిన కాగితం మీద కొత్త రూలు పుస్తకం రాశాను. ఒకే వాక్యం. ముందొచ్చినవాడు గెలిచినట్టు. దేశంలోనే అతి చిన్న రూలు పుస్తకం అని వార్తకి శీర్షిక కూడా అప్పుడే తట్టింది.

బుల్లయ్య మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "అధ్యక్షా, ముందొచ్చినవాడే గెలిచినట్టయితే, ఆ రోజు ఆఫీసరు ముందు త్రినాథ్‌కి ఆరు సెకన్లు ముందు జెండా ఊపకూడదుగా. ఇద్దరికీ ఒకేసారి ఊపితే మార్కే గెలిచేవాడు. నోటుబుక్కులో మార్చమంటారా? పిల్లాడికో సర్టిఫికెట్ పంపితే సంతోషిస్తాడు."

"కుదరదు మాస్టారూ" అన్నారు పేరయ్యగారు చాలా బాధగా. "రూలు వెనక్కి వర్తించదు. అది న్యాయసూత్రం. మనమే తప్పితే ఎలా?"

మాస్టారు ఒప్పుకున్నారు.

నేను కాగితం తీసుకుని లేచాను. "షాపుకెళ్ళి ప్రింటు తీస్తాను సార్. ఈ రోజు తేదీ వెయ్యమంటారా?"

పేరయ్యగారు లోపలికి చూశారు. కోటేష్ ఇంకా నిద్ర లేవలేదు.

"మొన్న శనివారం తేదీ వెయ్యి" అన్నారు.